నాలుగు వేటకుక్కలకు ఏటీవీ ట్రెయిలర్ సొంతంగా చేస్తున్నా – ఇరుసు ఎక్కడ పెట్టాలి?

పొదచాటు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే కానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు. నా దగ్గర నాలుగు హౌండ్లు ఉన్నాయి, ఒక్కోటి 25 కిలోలకు అటూ ఇటూ. వేటకు అనుమతి ఉన్న చోటే, లైసెన్సుతోనే వెళ్తాను, కాబట్టి ఆ చర్చ ఇక్కడ వద్దు. ఇప్పటిదాకా రెండింటిని ఏటీవీ (గతుకు దారుల్లో తిరిగే నాలుగు చక్రాల బైకు) వెనక ర్యాక్ మీద పెట్టెలో ఎక్కించి, మిగతా రెండింటిని నడిపించుకుంటూ తీసుకెళ్లేవాణ్ణి. పోయినసారి తిరిగొచ్చేటప్పుడు మా ముసలిది, చుక్క, సగం దారిలో కూర్చుండిపోయింది, ఎంత పిలిచినా లేవలేదు, చివరికి ఒళ్లో పెట్టుకుని ఒంటిచేత్తో నడుపుకుంటూ వచ్చా. ఇక ట్రెయిలర్ చేయాల్సిందేనని అప్పుడే అనుకున్నా.

నా ప్లాన్ ఇదీ. పెట్టె 120 సెం.మీ. పొడవు, 110 వెడల్పు, లోపల నాలుగు గదులు, ముందు రెండు వెనక రెండు. ఫ్రేముకి 40×40×3 మి.మీ. చదరపు ట్యూబు. పాత ఏటీవీ టైర్లు రెండు ఉన్నాయి, 25 అంగుళాలవి, వాటి పైన ఫ్రేము, ఫ్రేము పైన పెట్టె. కడగడానికి సులువని కింద ఇనుప జాలీ వేద్దామనుకుంటున్నా. ఏటీవీకి తగిలించడానికి మామూలు బాల్ హిచ్ (ఇనుప గుండు మీద కప్పు కూర్చునే కొక్కెం). ఇరుసు సరిగ్గా మధ్యలో పెడితే బరువు రెండు పక్కలా సమానంగా ఉంటుంది కదా, లేక కొంచెం జరపాలా? స్ప్రింగులు అవసరమా? ఇంకో సంగతి, షెడ్డులో గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) పైపు చాలా పడి ఉంది, ఫ్రేముకి అదే వాడేస్తే ఏమైనా ఇబ్బందా? స్టిక్ వెల్డింగ్ మెషీన్ ఉంది, గేట్లు చేసిన అనుభవం తప్ప బండ్లు చేయలేదు.

ఇనుపరజను:
ముందు చివరి ప్రశ్న. గాల్వనైజ్డ్ మీద నేరుగా ఆర్క్ కొట్టకండి. జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది, ఇనుము కరగాలంటే దాదాపు 1500 కావాలి, అంటే మీ జాయింటు కరిగేలోపు జింకంతా తెల్లటి పొగై మీ ముక్కులోకి వెళ్తుంది. పని చేసేటప్పుడు ఏమీ తెలియదు. రాత్రికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు. నేను కుర్రతనంలో ఒకసారి పడ్డా, మలేరియా అనుకున్నా. జాయింటుకి రెండు వైపులా పూత పూర్తిగా గ్రైండ్ చేసి, ఆరుబయట, గాలి మీ వెనక నుంచి కాకుండా పక్క నుంచి వీచేలా నిలబడి చేయాలి. అసలు ఫ్రేముకి మామూలు ట్యూబే కొనుక్కోండి, ఆ పైపు కంచెకి పనికొస్తుంది.

మీ 40×40×3 సరిపోతుంది, మీటరుకి 3.4 కిలోలు పడుతుంది. నొగకి (ట్రెయిలర్‌ని హిచ్‌కి కలిపే ముందు కమ్మీకి) మాత్రం 50×50×3 తీసుకోండి. నొగని ముందు అడ్డకమ్మీకి అతికించి వదిలేయొద్దు, ఫ్రేము కిందుగా ఇరుసు దాకా వెళ్లాలి. ఇంట్లో చేసిన ట్రెయిలర్లు విరిగేది తొంభైపాళ్లు అక్కడే, నొగ పెట్టెని కలిసే చోట. ఆ చోట నొగ అడుగు భాగంలో అడ్డంగా వెల్డ్ వేయకండి. లాగుడు పడేది అడుగు మీదే, అడ్డంగా వేసిన వెల్డ్ పక్కనే చీలిక మొదలవుతుంది. పక్కల నుంచి నిలువుగా, పొడవునా వేయండి. 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్డు, 75–85 ఆంప్స్ చాలు.

మధ్యలోవచ్చా:
బ్రదర్ ఇదంతా ఎందుకు, తోటపని ట్రెయిలర్ ఒకటి కొని దానిమీద ప్లాస్టిక్ కుక్కల పెట్టెలు నాలుగు తాళ్లతో కట్టేస్తే పోలా?

నాలుగోగేరు:
@మధ్యలోవచ్చా నేను సరిగ్గా అదే చేశా. రెండో ట్రిప్పుకే ప్లాస్టిక్ పెట్టె తలుపు ఊడింది. ఆ తలుపు గొళ్లేలు కారు వెనక సీటు కోసం చేసినవి, రాళ్ల మీద గంటసేపు అదిరితే నిలవవు. కుక్క దూకింది, అదృష్టం బాగుండి చక్రం కింద పడలేదు. తాళ్లు కూడా అంతే, బురదకి తడిసి ఎండ తగిలేసరికి వదులు.

లెక్కలమాస్టారు:
పొదచాటు గారూ, ఇరుసు సంగతి తర్వాత. మీ ప్లాన్‌లో నాకు భయం వేసింది ఎత్తు చూసి. 25 అంగుళాల టైరు అంటే 63 సెం.మీ. దానిపైన ఫెండరు (మడ్‌గార్డు) సందు, ఫ్రేము కలిపితే పెట్టె నేల 75 సెం.మీ. ఎత్తున ఉంటుంది. నిలబడ్డ కుక్కల బరువు మధ్యభాగం సుమారు మీటరు ఎత్తున. ఫ్రేము, చక్రాలు 80 కిలోలు, పెట్టె 45, కుక్కలు 100 అనుకుని లెక్కేస్తే మొత్తం 225 కిలోల బరువుకేంద్రం నేల నుంచి 80 సెం.మీ. పైన తేలింది. టైర్లు పెట్టె కిందే కాబట్టి చక్రాల మధ్య దూరం 90 మించదు. సగం 45. 45ని 80తో భాగిస్తే పక్కకి 29 డిగ్రీలు వాలగానే బోల్తా.

29 అంటే చాలానే అనిపిస్తుంది, కానీ అది కదలకుండా నిలబెట్టినప్పటి లెక్క. 15 డిగ్రీల ఏటవాలులో వెళ్తూ పైవైపు చక్రం 20 సెం.మీ. రాయి ఎక్కిందనుకోండి, 90 సెం.మీ. వెడల్పు మీద అది మరో 13 డిగ్రీలు. 28 అయిపోయింది. అప్పుడే లోపలున్న నాలుగూ కిందివైపుకి జారితే? సిమెంటు బస్తా అయితే పెట్టిన చోట ఉంటుంది, కుక్క ఉండదు కదండీ.

పెట్టెని చక్రాల మీద కాకుండా చక్రాల మధ్యకి దించండి. నేల 45 సెం.మీ. ఎత్తుకి వస్తుంది, 25 అంగుళాల టైరుకి ఇరుసు 31–32 సెం.మీ. దగ్గర ఉంటుంది కాబట్టి ఫ్రేము దానిమీద హాయిగా కూర్చుంటుంది. బరువుకేంద్రం 59కి దిగుతుంది. పెట్టె 95 వెడల్పు, టైరు 18, సందు 4 చొప్పున చూస్తే చక్రాల మధ్య దూరం 121. అప్పుడు బోల్తా కోణం 45 దాటుతుంది.

పొదచాటు:
అమ్మో. ఇది నా బుర్రకి తట్టనే లేదు. కానీ అలా చేస్తే బయటి వెడల్పు 139 వస్తోంది, నా ఏటీవీ 120. చెట్ల మధ్య ఇరుక్కోదా?

నాలుగోగేరు:
రెండు వైపులా 9–10 సెం.మీ. ఎక్కువ. మొదటి రెండు రోజులు మొద్దులకి గుద్దుకుంటావ్ తమ్ముడూ, తర్వాత అలవాటైపోతుంది. చక్రాల ముందు ఒక పైపు వంచి, ఫ్రేము నుంచి ఏటవాలుగా, టైరు బయటి అంచు దాకా వెల్డ్ చేసుకో. మొద్దు తగిలితే టైరు మీద పట్టకుండా పక్కకి జారిపోతుంది. బోల్తా పడే ఇరుకు బండికన్నా గీసుకుంటూ పోయే వెడల్పు బండి నయం.

తోకాడించు:
పశువైద్యం నా పని, ఇంట్లో మూడు బీగిల్స్ ఉన్నాయి. వెల్డింగ్ గురించి నాకేం తెలియదు, గదుల గురించి చెప్తాను. 120×110లో నాలుగు గదులంటే ఒక్కో గది 60×55. 25 కిలోల హౌండు ముడుచుకుని కూర్చోగలదు, పడుకోలేదు. గంటసేపు గతుకుల్లో పడుకోలేక, కాళ్లు బిగబట్టుకుని నిలబడి ప్రయాణం చేస్తే ఇంటికొచ్చాక నడుము నొప్పి మీకు కాదు, దానికి. పొడవు పెంచండి. 95 వెడల్పులో మధ్య గోడ వేస్తే ఒక్కో గది 47 వస్తుంది, పొడవు 85 ఇవ్వండి, ఎత్తు 60–65. లేచి నిలబడాలి, వెనక్కి తిరగాలి, పడుకోవాలి, ఈ మూడూ కుదిరితే చాలు. అంతకన్నా విశాలంగా ఇస్తే మంచిదనుకోకండి, ఖాళీ ఎక్కువైతే బ్రేకు వేసినప్పుడల్లా గోడకి విసిరినట్టు పడతాయి.

ఇనుప జాలీ వద్దే వద్దు. గోళ్లు ఇరుక్కుంటాయి, వేళ్ల మధ్య చర్మం కోసుకుంటుంది, బండి ఎగిరినప్పుడు గోరు మొదలంటా ఊడొచ్చిన కుక్కని నేను చూశాను. రేకు నేల వేసి దానిమీద మందపాటి రబ్బరు మ్యాట్ పరచండి, మూలల్లో నీళ్లు పోవడానికి కన్నాలు పెట్టండి. చలికాలం పైన ఎండుగడ్డి వేయండి. దుప్పటి తడిస్తే చల్లబడి ఉండిపోతుంది, గడ్డి అలా కాదు.

ఇంకోటి, ఇది చాలామంది మరిచిపోయేది. ఏటీవీ సైలెన్సరు ఎటు చూస్తూ ఉంటుంది? వెనక్కి. అంటే సరిగ్గా మీ పెట్టె మొహంలోకి. కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు వాసనా లేదు. ముందు గోడకి గాలి కన్నాలు పెడితే పొగ అంతా లోపలికే. ముందు గోడ మొత్తం మూసేసి, గాలి కన్నాలు పక్క గోడలకి, ఎదురెదురుగా, పైభాగంలో పెట్టండి. వెనక చక్రాలు చిమ్మే బురద కూడా లోపలికి రాదు.

పొదచాటు:
మేడమ్, చాలా థాంక్స్. సైలెన్సరు సంగతి చదివి ఇప్పుడే షెడ్డుకి వెళ్లి చూశా. కుడివైపు ఉంది, కొంచెం కిందికి వంగి ఉంది కానీ నేరుగా వెనక్కే. జాలీ క్యాన్సిల్.

అయితే పెట్టె 170 పొడవు, 95 వెడల్పు. ఇప్పుడు ఇరుసు?

లెక్కలమాస్టారు:
మధ్యలో మాత్రం వద్దు. బరువు రెండు పక్కలా సమానమైతే నొగ మీద బరువే ఉండదు, దారిలో ట్రెయిలర్ తోక ఆడిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఏటీవీ వెనక చక్రాలను పైకి లేపుతుంది. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ముందుకి కాస్త మొగ్గు ఉండాలి. మొత్తం బరువులో పదో వంతు హిచ్ మీద పడేలా చూసుకోండి. పెట్టె పొడవులో ముందు నుంచి 60 శాతం దగ్గర ఇరుసు పెడితే దాదాపు అంతే వస్తుంది. మీ 170కి 102 సెం.మీ. దగ్గర.

నొగ పెట్టె ముందు నుంచి ఒక మీటరు ఉంటే, ఇరుసు నుంచి బాల్ దాకా 202 సెం.మీ. ఖాళీ ట్రెయిలర్ హిచ్ మీద వేసే బరువు సుమారు 15 కిలోలు. ముందు రెండు కుక్కలు దానికి దాదాపు 15 కలుపుతాయి, వెనక రెండూ 6 తీసేస్తాయి. నాలుగూ ఎక్కితే 23–24. మొత్తం 225లో పదో వంతు. బాగుంది.

కానీ చూడండి, ముందు రెండింటినీ దించేసి వెనక రెండింటితో కదిలారనుకోండి, హిచ్ మీద 9 కిలోలే మిగులుతాయి, 175లో 5 శాతం. కాబట్టి దించేటప్పుడు మొదట వెనకవాటిని దించండి, ఎక్కించేటప్పుడు మొదట ముందుగదులు నింపండి. రెంటితోనే వెళ్లే రోజు వాటిని ఒకటి ముందు ఒకటి వెనక, ఎదురు మూలల్లో పెట్టండి.

నాలుగోగేరు:
మాస్టారు చెప్పింది నాకు అనుభవమే. ఒకసారి ఏటీవీ బ్యాటరీ చూడాలని ట్రెయిలర్ విప్పేశా, వెనకగదిలో రెండు కుక్కలున్నాయని మర్చిపోయి. పిన్ను తీయగానే నొగ గాల్లోకి లేచి నా గడ్డం పక్క నుంచి పోయింది. పెట్టె వెనక్కి కూలబడింది. కుక్కలకేం కాలేదు, నాకే పది నిమిషాలు చేతులు వణికాయి. వెనక రెండు మూలల్లో మడిచే కాళ్లు పెట్టుకో, నొగ కింద ఒకటి. విప్పే ముందు మూడూ దించు.

కందెనడబ్బా:
ఇంతమంది పెద్దలు మాట్లాడాక నేను రెండు ముక్కలు. మొదటిది, బాల్ హిచ్. ట్రెయిలర్ బోల్తా పడదని గ్యారంటీ ఎవడూ ఇవ్వలేడు. బాల్ మీద కప్పు కొంతవరకే తిరుగుతుంది, ఆపైన పట్టేస్తుంది. నా ట్రెయిలర్ ఏటవాలులో పడినప్పుడు (కుక్కలు లేవు, కట్టెలున్నాయి) బాల్ పట్టేసి ఏటీవీ వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచింది. నేను పక్కకి దూకా. ఆ వారమే నొగ మొన కోసేసి తిరిగే జాయింటు చేశా. పెద్ద పని కాదు. నొగ చివర ఒక గుండ్రటి పైపు, దానిలో వదులుగా దూరే ఇంకో పైపు, లోపలి పైపుకి వెనక ఒక రింగు వెల్డ్, ముందు ఒక రింగు బోల్టుతో, మధ్యలో గ్రీజు నిపుల్. ట్రెయిలర్ గిరగిరా తిరిగినా ఏటీవీ నిలబడే ఉంటుంది. సేఫ్టీ చైన్లు మాత్రం తిరిగే ముక్కకి కాదు, జాయింటు వెనక ఫ్రేముకి కట్టి, నొగ కింద అడ్డంగా ఒకదాన్నొకటి దాటేలా వేయాలి. జాయింటు ఊడితే నొగ నేలలో గుచ్చుకోకుండా చైన్ల మీద పడుతుంది.

రెండోది, ఇరుసుకి కందెన లేకపోతే పరమేశ్వరుడి బండి కూడా కదలదంటారు. వాగు దాటే బండికి బేరింగు సీల్ మంచిది వేయండి. వేడెక్కిన హబ్ (బేరింగులుండే చక్రం మధ్యభాగం) చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు తెల్లగా మజ్జిగలా మారితే నీళ్లు దూరినట్టే. వాగు దగ్గర ఐదు నిమిషాలు ఆగి హబ్ చల్లారాక దాటితే బేరింగులు బతుకుతాయి.

మధ్యలోవచ్చా:
స్ప్రింగుల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇనుపరజను:
ఆకు స్ప్రింగులు 225 కిలోలకి దండగ. మనకి దొరికే వాటిలో పలుచనిది కూడా ఈ బరువుకి వంగదు, ఇనుపదిమ్మెలా ఉంటుంది. రబ్బరు టార్షన్ ఇరుసు (లోపలి రబ్బరే కుదుపు పీల్చుకునేది) తక్కువ కెపాసిటీది దొరికితే వేయండి, లేకపోతే వదిలేయండి. ఈ వేగంలో టైరే స్ప్రింగు.

నాలుగోగేరు:
అవును, టైరులో గాలి 5 పీఎస్‌ఐ. గట్టిగా ఉంటే బాగా లాగుతుందని మా బావ 20 కొట్టాడు, ట్రెయిలర్ ఖాళీగా ఉన్నప్పుడు బంతిలా ఎగిరింది. ఏటీవీ టైరుకి గోడ మీద గరిష్ఠం ఎంతో రాసి ఉంటుంది, అది దాటకు. బరువు ఎక్కించాక టైరు కింద చిన్న పొట్ట కనిపించాలి, అదే గుర్తు. వేగం కూడా, నడక కన్నా కొంచెం ఎక్కువ, 10–15 కి.మీ. అంతే. దిగుడులో బ్రేకు మీద కాదు, లో గేరులో ఇంజన్ మీద దిగు. ట్రెయిలర్‌కి బ్రేకుల్లేవు, వెనక నుంచి తోస్తుంది. మీ ఏటీవీ మాన్యువల్‌లో ఎంత లాగొచ్చో, హిచ్ మీద ఎంత వేయొచ్చో రెండు వేర్వేరు అంకెలుంటాయి, రెండూ చూసుకో.

పొదచాటు:
చూశా, రెండిటికీ లోపలే ఉన్నా. పెట్టెకి రేకు ఏది వాడాలి? నా దగ్గర 2 మి.మీ. ఇనుప రేకు ఉంది.

ఇనుపరజను:
మీ పెట్టెకి పైకప్పు, నేల, చుట్టూ గోడలు, మధ్య గోడలు అన్నీ కలిపితే 8 చదరపు మీటర్లు పడుతుంది. 2 మి.మీ. ఇనుప రేకు చదరపు మీటరుకి 15.7 కిలోలు, మొత్తం 125. అదే మందం అల్యూమినియం 5.4, మొత్తం 43. తేడా 80 కిలోలు, అంటే మూడు కుక్కల బరువు ఊరికే మోస్తున్నారు. 25×25×2 ట్యూబుతో పంజరం కట్టి, 1.5 మి.మీ. అల్యూమినియం రేకుని రివెట్లతో బిగించండి. ఇనుముకీ అల్యూమినియానికీ మధ్య పల్చటి రబ్బరు పట్టీ పెట్టండి, లేకపోతే తడి తగిలిన చోట అల్యూమినియం తెల్లపొడి రాలుతుంది. రివెట్ల తలలు లోపలివైపు రానివ్వకండి, వచ్చినా కొసలు మిగలకుండా అరగదీయండి.

తోకాడించు:
అల్యూమినియం అయితే ఎండలో పైకప్పు పెనంలా కాలుతుంది. తెల్ల రంగు వేసి, 3 సెం.మీ. సందు వదిలి పైన ఇంకో పలుచటి రేకు వేయించండి. ఆ సందులోంచి గాలి పోతుంది, లోపల చాలా తేడా తెలుస్తుంది.

వేడి గురించి కాస్త చెప్పనివ్వండి, మా దగ్గరికి వచ్చే వేటకుక్కల కేసుల్లో నన్ను ఏడిపించేవి ఇవే. కుక్క మామూలు వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. పరుగెత్తి వచ్చాక 40 దాటి ఉంటుంది. 41 దాటితే వడదెబ్బ, ప్రాణం మీదికే. మనలా ఒంటినిండా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. రొప్పుతున్న కుక్కని తలుపేసిన పెట్టెలోకి తోస్తే అది వదిలిన వేడి తడిగాలినే మళ్లీ పీలుస్తుంది. కాబట్టి వేట అయిన వెంటనే ఎక్కించకండి. నీడలో పావుగంట, నీళ్లు, రొప్పు నెమ్మదించాక అప్పుడు గదిలోకి. ఎక్కించాక బండి ఆపి మీరు కబుర్లలో పడకండి, కదిలితేనే గాలి. చిగుళ్లు ఇటుక రంగుకి తిరిగినా, తూలినా వెంటనే మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి గాలి తగిలేలా పెట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

గదిలో పెట్టేటప్పుడు కాలరు తీసేయండి. జీపీఎస్ కాలరు యాంటెన్నా గాలి కన్నంలో ఇరుక్కుంటే మీకు ముందు సీట్లో తెలియనే తెలియదు. తాడుతో లోపల కట్టేయడం అసలు వద్దు.

కందెనడబ్బా:
డాక్టరమ్మ గారు నీళ్లు అన్నారు కాబట్టి, నీళ్ల డబ్బా నొగ మీద పెట్టకండి, ఖాళీ చోటు ఉందని అందరూ అక్కడే పెడతారు. 15 లీటర్లు అంటే 15 కిలోలు, పెట్టె ముందు అర మీటరు దూరంలో పెడితే అందులో 11 కిలోలు హిచ్ మీదకే పోతాయి. ఇరుసు మీదుగా, ఫెండరు పైన పెట్టుకుంటే మొగ్గు మారదు, తాగినా తాగకపోయినా.

తలుపులకి మడతబందులు ముందువైపు పెట్టండి. గొళ్లెం ఊడినా ముందుకి పోతున్నప్పుడు కొమ్మలు తగిలి తలుపు మూసుకుంటుంది. వెనకవైపు పెడితే కొమ్మ పట్టుకుని బార్లా తెరిచేస్తుంది. గొళ్లెంతో పాటు ఒక పిన్ను, పిన్నుకి దారం.

పొదచాటు:
మూడు వారాలు ఆలస్యంగా రిపోర్టు ఇస్తున్నా. అన్నీ మీరు చెప్పినట్టే చేశా, ఒక్క తప్పు తప్ప. తిరిగే జాయింటు బయటి పైపు కొన్నప్పుడు వదులు ఎంతుందో కొలవలేదు, లోపల వెల్డ్ గీత ఒకటి పొడుచుకుని ఉంది, లోపలి పైపు దూరనే లేదు. గుండ్రటి ఆకురాయితో రెండు సాయంత్రాలు అరగదీశా. కందెనడబ్బా అన్నా, "పెద్ద పని కాదు" అన్నావు, గుర్తుంచుకుంటా.

ఖాళీ బరువు 131 కిలోలు. బాత్‌రూమ్ వేయింగ్ మెషీన్ మీద నొగ మొన పెడితే 16. కుక్కల్ని ఎక్కించకముందే నాలుగు గదుల్లో 25 కిలోల ఇసుక బస్తాలు పెట్టి నా మామూలు దారి మొత్తం తిప్పా. హిచ్ మీద 24 చూపించింది, మాస్టారు గారికి దండం. ఒక చోట కావాలనే కుడి చక్రాన్ని మొద్దు ఎక్కించా, వంగింది కానీ రెండో చక్రం నేల వదల్లేదు. మొద్దులకి రెండుసార్లు తగిలింది, గార్డు పైపు మీద రంగు పోయింది అంతే.

కుక్కల్ని వారం రోజులు ఆగి ఉన్న ట్రెయిలర్‌లోనే తిండి పెట్టి అలవాటు చేశా. భీముడు, బుల్లెట్ రెండో రోజుకే వాటంతటవే దూకేశాయి. రాణి మాత్రం ముందు కుడి గది దగ్గరికి వెళ్లి ముక్కు పెట్టి వెనక్కి వచ్చేస్తోంది. ఇంజన్ ఆపి ఉన్నా సరే. వేరే గదైతే ఎక్కుతుంది.

తోకాడించు:
కుడి ముందు అంటే సైలెన్సరు వైపే కదా? ఒకసారి బండి తిప్పి వచ్చి లోపల, నేల దగ్గర మీ ముక్కు పెట్టి చూడండి. మోనాక్సైడుకి వాసన లేకపోయినా దానితో పాటు వచ్చే పొగకి ఉంటుంది.

పొదచాటు:
మీరన్నది నిజం. అరగంట తిప్పి వచ్చి గదిలో తల పెట్టా, పెట్రోలు పొగ కంపు. ముందు గోడ మొత్తం మూసే ఉంది. టార్చి లైటు లోపల వేసి బయట చీకట్లో చూస్తే నేల మూలలో నీళ్లు పోవడానికి పెట్టిన కన్నం, ముందు అంచుకి దగ్గర్లో, వెలుగుతోంది. సైలెన్సరు కిందికి ఊదేది నేలకి కొట్టి ఆ కన్నంలోంచే పైకి వస్తోంది. ముందు గదుల కన్నాలు రెండూ రివెట్ కొట్టి మూసేసి, వెనక మూలకి మార్చా. సైలెన్సరు మూతికి ఒక వంపు పైపు ముక్క, కుడిపక్కకి తిరిగేలా. నిన్న మళ్లీ అరగంట తిప్పి చూశా, రబ్బరు మ్యాట్ వాసన తప్ప ఇంకేం లేదు. కార్బన్ మోనాక్సైడు అలారం చిన్నది ఒకటి కొని ఆ గదిలో పెట్టి ఇంకోసారి తిప్పా, మోగలేదు.

ఇనుపరజను:
నీళ్లకి కన్నం పెట్టమన్నది మనమే, ముందు మూలలో వద్దని ఎవరమూ చెప్పలేదు. ఇది చదివి ఇకపై చేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి. పొదచాటు గారూ, తిరిగే జాయింటు ఫోటో పెట్టండి, రింగు వెల్డ్ చూడాలి.

పొదచాటు:
రేపు కడిగాక పెడతా, ఇప్పుడు బురద తప్ప ఏమీ కనపడదు. ఈ రోజు నాలుగింటితో మొదటిసారి వెళ్లొచ్చాం. రాణి కుడి ముందు గదిలోనే వెళ్లింది, వాసన చూసి ఒక్క క్షణం ఆగి ఎక్కేసింది. 45 సెం.మీ. ఎత్తు మిగతావాటికి లెక్కే కాదు. చుక్క మాత్రం ముందుకాళ్లు రెండూ గది అంచు మీద పెట్టి, అలాగే నిలబడి మెడ తిప్పి నావైపు చూస్తుంది, వెనకభాగం నేను ఎత్తాలని. వచ్చేటప్పుడు దారంతా నిద్రపోయింది, ఇంటికొచ్చి తలుపు తీశాక కూడా దిగలేదు.